కోమల మూడో నంబరు

నల్లగొండ పార్సిల్ గోదాములో ట్రాలీ ఆటోలు తోలేవాళ్లకు జీతం కంటే నంబరు ముఖ్యం. జీతం అందరికీ ఒకటే. నంబరు మాత్రం ఎవరిది వాళ్లదే. ముందు పనిలో చేరినవాడికి ముందు నంబరు, వెనక చేరినవాడికి వెనక నంబరు. ఏడాదికోసారి మేడే నాడు ఎర్రజెండా ఎగరేసి, బూందీ పంచి, జెండా గద్దె మీద బండ్ల తాళంచెవులన్నీ పరుస్తారు. ఒక్కో తాళానికి ఒక్కో లైను. మొదటి నంబరు మనిషి వచ్చి తనకు నచ్చింది తీసుకుంటాడు, తర్వాత రెండో నంబరు, ఆ తర్వాత మూడో నంబరు. ఊళ్లో తిరిగే లైన్లు మూడే ఉన్నాయి కనుక మూడో నంబరు దాటిందంటే ఇక ఊరి బయటే. అందరికన్నా చివరివాడికి ఎవరూ ముట్టనిది మిగులుతుంది. అది ఎప్పుడూ చందంపేట లైనే. గుట్టలు, తండాలు, గుంతలు. పొద్దున పోతే పొద్దుగూకాక రావడం. ఈ పద్ధతంతా యూనియన్ కొట్లాడి సాధించుకున్నది. పార్సిలు చేరితే చాలు, ఎవడు చేరిస్తే మాకేమని కంపెనీ ఊరుకుంది.

ఆ యూనియన్‌లో కోమలది మూడో నంబరు. అందరిలో ఆమె ఒక్కతే ఆడమనిషి. మూడో నంబరు పెట్టుకుని ఆరేళ్లుగా ఆమె తోలుతున్నది చందంపేట లైను. ఇదేమిటని ఎవరైనా అడిగారా? అడగలేదు. సంగతి తెలియక కాదు, బాగా తెలిసే అడగలేదు. తెలిసి ఊరుకోవడంలో ఆ గోదాము మగవాళ్లు ఆరితేరిపోయారు.

ఆ నంబరు ఆమెకు ఊరికే రాలేదు, మొగుడు చస్తే వచ్చింది. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, చిట్యాల దగ్గర హైవే పక్కన బండి ఆపి సరుకు తాడు బిగిస్తున్న కురుమయ్యను వెనక నుంచి లారీ గుద్దింది. యూనియన్ వాళ్లు శవాన్ని తెచ్చి గోదాము గేటు ముందు పెట్టి కూర్చున్నారు. ఒక పగలంతా కూర్చున్నాక కంపెనీ దిగొచ్చింది. భార్యకు పని ఇస్తాం, కాకపోతే అందరికన్నా వెనక నంబరు అంది. అప్పుడు అధ్యక్షుడు గాలయ్య లేచి, మా మనిషి నంబరు మా మనిషి పెళ్లానికే కావాలి, అది లేని పని మాకొద్దు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గాలయ్య జీవితంలో అన్న మంచి మాటల్లో అదొకటి. అవి ఎక్కువ లేవు కనుక చెప్పుకోవాలి.

కురుమయ్య తమ్ముడు కూడా ఆ గోదాములోనే పని చేసేవాడు. పేరు బెంజమిన్. వాళ్ల తల్లి బిక్షమ్మ పెద్ద కొడుకు కోసం కురుమూర్తి స్వామికి మొక్కుకుంది. చిన్నవాడు పుట్టేనాటికి చర్చికి పోతోంది. అందుకే ఒకే కడుపున ఒక కురుమయ్య, ఒక బెంజమిన్. అన్న గోదాము తెరిచినప్పుడు చేరినవాడు. తమ్ముడు అందరికన్నా వెనక చేరాడు. వాడి తర్వాత కంపెనీ యూనియన్‌లోకి కొత్తవాళ్లను రానివ్వలేదు. కనుక చివరి నంబరు వాడిదే, చందంపేట గుట్టలు వాడివే.

కోమలకు ట్రాలీ తోలడం నేర్పింది బెంజమినే. ఆ మాట కాదనకూడదు. ఊరి శివారు పానగల్లు అవతల ఖాళీ జాగాలో పక్కన కూర్చుని, విసుక్కోకుండా నేర్పాడు. తొలి మేడే నాడు గాలయ్య "మూడో నంబరు" అని పిలిస్తే కోమల వెనక్కి జరిగింది. ఊరి నడిమధ్య గడియారం సెంటరు ట్రాఫిక్ తలుచుకుంటేనే ఆమెకు చెమటలు పట్టేవి. బెంజమిన్ ముందుకొచ్చి, "మా వదినె తరఫున నేను చెప్త" అని గడియారం లైను తాళం తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని అందరి ముందూ మళ్లీ అతని చేతిలోనే పెట్టింది. "నువ్వే తోలు. నేను ఆ ఖాళీ రోడ్ల మీద తోల్కుంట" అంది. ఇద్దరూ ఒప్పుకుంటే లైన్లు మార్చుకోవచ్చు, యూనియన్‌కు అభ్యంతరం లేదు. ఆ రోజు ఆమె మరిదికి నిజంగానే దండం పెట్టింది. రెండో మేడే నాడు ఆమె నోరు తెరవకముందే తాళం బెంజమిన్ జేబులో పడింది. మూడో ఏడు ఆమెను పిలిచినప్పుడు లేచింది కూడా అతనే. ఆ తర్వాత మూడో నంబరంటే బెంజమిన్ అని గోదాముకు అలవాటైపోయింది.

కోమలకు పిల్లలు లేరు. పానగల్లులో కురుమయ్య వేసిన రెండు గదుల రేకుల ఇల్లు, అందులో ఆమె, అత్త బిక్షమ్మ. కిందటి వానాకాలం బిక్షమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి మంచమే. బెంజమిన్ నల్లగొండ ఊళ్లోనే డాబా ఇల్లు కట్టుకున్నాడు. తల్లిని తీసుకుపోతాడేమోనని కోమల కొన్నాళ్లు చూసింది. బెంజమిన్ భార్య స్వరూప ఒకసారి వచ్చి, బత్తాయిలు పెట్టి, "మా ఇంట్ల అన్ని మెట్లే అక్కా" అని పోయింది. మెట్లున్న ఇంట్లో ముసలివాళ్లు ఉండకూడదని ఎక్కడో రాసిపెట్టినట్టు మాట్లాడింది ఆ మహాతల్లి.

వానలప్పుడు, చలికాలంలో ఎట్లాగో నెట్టుకొచ్చారు. ఎండలు మొదలయ్యేసరికి రేకుల కింద ఇల్లు పెనం అయింది. కోమల పొద్దున్నే అత్తకు కడిగి, తుడిచి, తినిపించి, తలుపు దగ్గరికి వేసి పోతే తిరిగి వచ్చేది పొద్దుగూకాకే. పక్కింటి నాగరాణి పత్తి మిల్లుకు పోతుంది, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఏప్రిల్‌లో ఒకరోజు కోమల వచ్చేసరికి ముసలమ్మ కళ్లు తేలేసి ఉంది. పెదాలు పగిలి, నాలుక ఎండిపోయి, పిలిస్తే పలకలేదు. ట్రాలీలోనే వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోతే సెలైన్ ఎక్కించి నిలబెట్టారు. అక్కడి డాక్టరమ్మ కోప్పడింది. "మధ్యాహ్నం పూట మనిషి లేకపోతే ఈ ఎండాకాలం దాటదమ్మా. నీళ్లు తాగించాలి, పక్కకు తిప్పాలి. ఎవరో ఒకరు ఉండాల్సిందే" అంది.

మధ్యాహ్నం ఇంటికి రావాలంటే గడియారం లైను ఉండాలి. గడియారం లైను ఆమె నంబరుకు వచ్చేదే. ఇంత సూటిగా ఉన్న విషయానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదని కోమల అనుకుంది. అయినా మర్యాద కోసం ఆదివారం చర్చి అయ్యాక బెంజమిన్ ఇంటికి పోయింది.

"ఈ మేడేకెల్లి గడియారం లైను నేను తోల్కుంట బెంజమిన్. పగటీలి పోయి అత్తను చూసుకోవాలె."

బెంజమిన్ పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. "గడియారం కాడ ట్రాఫిక్ నీతోని గాదు వదినె."

"ఆరేండ్ల సంది చందంపేట గుట్టలెక్కుతున్న. గడియారం కాడ నాకేమైతది?"

"అమ్మ కాడ ఎవర్నన్న పెట్టరాదు?"

"ఎవర్ని పెట్టాలె? నువ్వున్నవు గదా. రోజూ పగటీలి ఇంటికొచ్చి, తిని పంటవంట. గా టైంల పానగల్లు దాకా వచ్చి మీ అమ్మ నోట్లె ఇన్ని నీళ్లు పొయ్యరాదా?"

వంటింట్లోంచి స్వరూప అందుకుంది. "ఆయన ఇంత తిని పండుకుంటే నీకేం మండుతాంది అక్కా?"

"మండుతాంది. బరాబర్ మండుతాంది," అని కోమల లేచొచ్చేసింది. చెప్పులు వేసుకుంటుంటే లోపల బెంజమిన్ నవ్వు వినపడింది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

మేడే వచ్చింది. జెండా ఎగిరింది, బూందీ పంచారు, కార్మికుల ఐక్యత వర్ధిల్లాలని గొంతులు చించుకున్నారు. తాళంచెవులు గద్దె మీద పరిచారు. గాలయ్య స్టేషన్ లైను తీసుకున్నాడు, రెండో నంబరాయన హైదరాబాదు రోడ్డు తీసుకున్నాడు.

"మూడో నంబరు!"

బెంజమిన్ లేచి, అలవాటుగా గద్దె మీదికి చెయ్యి చాచాడు.

"ఆగు. మూడో నంబరు నేను," అంది కోమల.

బెంజమిన్ ఆమె వైపు చూడకుండానే, "ఇంటికి పోయి మాట్లాడుకుందాం వదినె" అన్నాడు.

"ఇంటికెందుకు? ఆరేండ్ల కింద గీ నలుగురి ముందట్నే చాబి నీ చేతుల్ల పెట్టిన. ఇయ్యాల గీ నలుగురి ముందట్నే వాపస్ తీస్కుంటున్న."

అప్పుడు బెంజమిన్ ముసుగు తీసేశాడు. "నీదెట్లయితది? నంబరు మా అన్నది. మా ఇంటిది. నీ కాడ ఉన్నదంతే."

"ఊకె ఉన్నదా? మీ అన్న పీనుగ మీదికెల్లి వచ్చింది నాకది."

"వస్తే? నీకు పిల్లలా జెల్లలా? నీ తర్వాత ఎవనికి పోతది? నాకు కొడుకున్నడు."

పిల్లల మాట ఎత్తేసరికి కోమల ముఖం మీద కొట్టినట్టయింది. శవం పక్కన కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లే అంతా. ఇప్పుడు చెప్పుల వైపు చూసుకుంటున్నారు. నాలుగో నంబరు దివాకర్ మాత్రం, "ఆమె పేరు మీదనే పని నడుస్తాంది. ఇంకేం పంచాది గాలన్నా, చాబి ఆమెకియ్యి" అన్నాడు.

గాలయ్య బెంజమిన్ వైపు చూశాడు. బెంజమిన్ వెంట తిరిగే వాళ్లు యూనియన్‌లో ఎక్కువ, మళ్లీ అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడ్డాయి. అయినా దివాకర్ అన్నది న్యాయం. గాలయ్య చెయ్యి తాళం వైపు కదిలింది కూడా.

బెంజమిన్ అది కనిపెట్టాడు. "గంజ్‌ల మన నాయినలు హమాలీ చేసిన్నాడు, చచ్చినోని నంబరు మీద లొల్లయితే ఎవర్ని అడుగుతుండె? కన్నతల్లిని. అవునా కాదా? మా అమ్మ ఇంకా బతికే ఉన్నది."

పద్ధతి ఉన్నమాట నిజమే. అక్కడున్న సగంమంది ధాన్యం గంజ్‌లో మూటలు మోసిన హమాలీల కొడుకులే, అందరూ ఎరిగిందే. కాని ఎన్నడో మూలన పడ్డ ఆ పద్ధతి ఆరేళ్లలో ఎవరికీ గుర్తు రాలేదు, సరిగ్గా ఆ రోజే వచ్చింది. గాలయ్య విసుక్కున్నాడు. "మంచాన పడ్డ మనిషిని ఇందులకెందుకు గుంజుతవురా?"

ఇంకో నిమిషం ఊరుకుంటే తాళం కోమలదే. ఆమె ఊరుకోలేదు.

"అడుగుండ్రి," అంది. "మా అత్తనే అడుగుండ్రి. ఆమె ఏమంటే గదే. నాకు మంజూరే."

దివాకర్ తల పట్టుకున్నాడు. కోమలకు మాత్రం గర్వంగానే ఉంది. ఎందుకుండదు? రోజూ ఆ ముసలిదాని ఒంటికి నూనె రాసేది తను, పుండ్లు పడకుండా పక్కకు తిప్పేది తను. బత్తాయిలు తెచ్చినవాళ్లు గడప దాటి లోపలికి కూడా రాలేదు. అడిగితే అత్త ఎవరి పేరు చెబుతుంది? బెంజమిన్ తల వంచుకుని పోవడం అందరూ చూడాలని ఆమెకు ఆశ పుట్టింది. ఆ ఆశే కొంప ముంచింది.

అందరూ పానగల్లు వచ్చారు. రేకుల ఇంట్లో నలుగురు కూడా పట్టరు, మిగిలినవాళ్లు గుమ్మంలో, కిటికీ దగ్గర నిలబడ్డారు. గాలయ్య మంచం పక్కన గొంతు కూర్చున్నాడు. బిక్షమ్మకు కాళ్లు పోయాయి గాని చెవులు, బుద్ధి నిక్షేపంగా ఉన్నాయి.

"పెద్దమ్మా, కురుమయ్య నంబరు ఎవరికుండాలె? నీ కోడలికా, నీ కొడుక్కా? నువ్వు జెప్పిందే ఖాయం."

ముసలమ్మ ఆలోచించను కూడా లేదు. "కొడుకుది కొడుక్కే. ఒక కొడుకు పోయిండు. ఇంకో కొడుకున్నడు గదా."

గాలయ్యే తత్తరపడ్డాడు. "నిన్ను చూస్తున్నది కోమల గదా పెద్దమ్మా?"

"చూస్తాంది. ఎవరు గాదన్నరు? చూసుడు కోడలి పని. నంబరు కొడుకు హక్కు. దీనికి పిల్లలు లేరు. ఇయ్యాల ఉంటది, రేపు ఎవన్నన్న కట్టుకొని పోతది. అప్పుడు నా కురుమయ్య నంబరు పరాయోనిది గాదా?"

కోమల గుమ్మంలో నిలబడి ఉంది. "ఏడేండ్ల సంది పోనిదాన్ని ఇప్పుడు పోతనా అత్తా?" అంది. బిక్షమ్మ గోడ వైపు ముఖం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం కూడా పూర్తిగా చేతకాక, అలవాటు కొద్దీ కోడలి చెయ్యి కోసం కాస్త ఆగింది. కోమల కదల్లేదు.

పంచాయితీ అయిపోయింది. నాకు మంజూరే అన్న మాట కోమల నోటి నుంచే వచ్చింది కనుక ఇక దివాకర్ కూడా ఏం అనలేడు. మూడో నంబరు బెంజమిన్‌కు పోయింది, బెంజమిన్ చివరి నంబరు కోమలకు వచ్చింది. గోదాము దగ్గరికి మళ్లీ పోయి తాళాలు పంచుకున్నారు. అందరూ తీసుకున్నాక గద్దె మీద చందంపేట తాళం ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్లూ అది మార్పిడి కింద వచ్చేది, ఆ రోజు సొంతంగా వచ్చింది. కోమల తీసుకుని బొడ్లో దోపుకుంది. వెనకనుంచి గాలయ్య ఏదో ఓదార్పు మాట అనబోతే, "నీ నోరు పడిపోను, మాట్లాడకు" అని పెద్దాచిన్నా చూడకుండా అనేసి వచ్చింది. అంటే అంది. ఆ మాత్రం అనిపించుకోవడానికి గాలయ్య తగినవాడే.

ఆ రాత్రి అత్తకు వండిపెట్టింది, కడిగింది, పడుకోబెట్టింది.

తెల్లారి, పనికి పోయే వేళకు రాత్రిళ్లు వాకిట్లోనే ఉండే ట్రాలీని గుమ్మం దాకా వెనక్కి తెచ్చి వెనక తలుపు దించింది. నాగరాణిని కేకేసి మంచం ఆ పక్క పట్టమంది. బిక్షమ్మ బెదిరిపోయింది.

"యాడికి తీస్కపోతున్నవే నన్ను?"

"నీ కొడుకింటికి. కొడుకుది కొడుక్కే అంటివి గదా. కొడుకు తల్లి సుత కొడుక్కే."

"నీ చేతులు పడిపోను! నా పెద్ద కొడుకు కట్టిన ఇల్లే ఇది!"

"అవును. పెద్ద కొడుకుదే. వాని నంబరు నువ్వు చిన్న కొడుక్కిస్తివి, ఇల్లు మాత్రం నా మొకాన పడేస్తివి. సల్లగుండు."

నాగరాణి మంచం కోడు పట్టుకుని ఆగింది. "గిట్ల చేస్తే లోకం ఏమంటదే?"

"లోకం నిన్న మా ఇంట్లకే వచ్చి నిలబడ్డది. అప్పుడేమన్నది? పట్టు."

మంచం ఎక్కించి పార్సిల్ తాడుతో కట్టింది. ముఖానికి ఎండ తగలకుండా పైన చద్దరు బిగించింది. దారి పొడుగునా బిక్షమ్మ తిడుతూనే ఉంది. బిడ్డను కనలేదని తిట్టింది, మొగుణ్ని మింగావని తిట్టింది. కోమల ఒళ్లు కుతకుత ఉడికిపోతోంది. అయినా గుంత వచ్చినచోటల్లా బండిని నడిపిస్తున్నట్టే దాటించింది. తన చేతుల మీద తనకే కోపం వచ్చింది. గడియారం సెంటరులో పొద్దుటి ట్రాఫిక్ మధ్య నుంచి, ఎవరికీ తగలకుండా, ఒక్కసారి కూడా ఆగకుండా తోలుకుంటూ పోయింది.

బెంజమిన్ ఇంటి ముందు హారన్ కొడితే స్వరూప బయటికొచ్చి నోరు వెళ్లబెట్టింది. "ఇదేందక్కా! మా ఇంట్ల మెట్లున్నయని చెప్పిన గదా!"

"మెట్లు నేనెక్కియ్య. గేటు దాకనే నా పని."

వీధిలో పోతున్న ఇద్దరు మగవాళ్లు సాయం పట్టారు. మంచం గేటు లోపల, మెట్ల కింద నీడలో దిగింది. బెంజమిన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చాడు. ఇరుగుపొరుగు గోడల మీదుగా తొంగిచూస్తున్నారు. అందుకని గొంతు తగ్గించి, "ఇదేం పద్ధతి వదినె?" అన్నాడు.

"నిన్న నువ్వు చెప్పిన పద్ధతే. నంబరు మీ ఇంటిది. మీ అమ్మ మీ ఇంటిది. నేను పరాయిదాన్ని. పరాయిదాని ఇంట్ల ఆమె ఎందుకుండాలె?"

"నేను పనికి పోయే టైం ఇది!"

"నాదీ గదే టైం. చందంపేట దూరం. నీ లైను దగ్గర, పగటీలి రావచ్చు. నీళ్లు తాపాలె, పక్కకు తిప్పాలె. లేకుంటే ఎండాకాలం దాటదన్నది డాక్టరమ్మ. నేను గా లైను అడిగింది గందుకే. నిన్న గీ సంగతి చెప్పే టైం నాకియ్యలే మీ యూనియన్."

స్వరూప ఏడుపు మొదలుపెట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయిన బిక్షమ్మ కళ్లు మూసుకుని, చిన్న గొంతుతో, "కోమలా, నీళ్లియ్యే" అంది.

కొడుకు మంచానికి ఆనుకునే నిలబడి ఉన్నాడు. పెద్ద కోడలు బండి దగ్గర ఉంది. ముసలమ్మ పిలిచింది పెద్ద కోడలినే.

కోమల ట్రాలీలోంచి నీళ్ల సీసా తీసింది. రెండడుగులు మంచం వైపు వేసి, ఆగి, సీసాను బెంజమిన్ చేతిలో పెట్టింది. "నీ కొడుకునడుగు అత్తా," అని బండెక్కింది.

వీధి మొదట్లో బండి తిప్పుతుంటే అద్దంలో కనపడింది. బెంజమిన్ నిలబడే, పైనుంచి సీసా వంచి, పడుకున్న మనిషి నోట్లో నీళ్లు పోస్తున్నాడు. తల కింద చెయ్యి పెట్టి లేపాలని వాడికి తెలియదు. నీళ్లు మెడ మీదికి పోయి ముసలమ్మకు పొలమారింది. కోమల కాలు బ్రేకు మీదికి పోయింది. ఆపితే దిగుతుంది. దిగితే తల ఎత్తి తాగిస్తుంది. తాగించిందా, సాయంత్రానికి మంచం మళ్లీ రేకుల కిందికి వస్తుంది, మధ్యాహ్నాలు మళ్లీ బెంజమిన్ నిద్రకు పోతాయి. దగ్గు మలుపు దాకా వినపడింది. కోమల కాలు తీసి, గేరు మార్చి, చందంపేట రోడ్డెక్కింది.